భాగం - 7: వెలుగు మీద గీత – నిమ్మలకుంట తోలుబొమ్మ, నేటి పెన్ డిస్‌ప్లే

విషయక్రమం

7.0 లక్ష్యాలు
7.1 ఉపోద్ఘాతం
7.2 కరువు పీఠభూమి, సంచార కళాకారులు
7.3 తోలు తెరగా మారే విధానం
7.4 దీపానికీ కంటికీ మధ్య: దూరం సమస్య
7.5 గాజుబల్ల నుంచి పెన్ డిస్‌ప్లే వరకు
7.6 పలుచదనం ఎందుకు కష్టం?
7.7 పోలిక వేరు, వారసత్వం వేరు
7.8 నిమ్మలకుంటలో వచ్చిన మార్పు
7.9 సారాంశం
7.10 పదకోశం
7.11 మీ ప్రగతిని తెలుసుకోండి: సమాధానాలు
7.12 మాదిరి పరీక్ష ప్రశ్నలు

7.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:

• తోలుబొమ్మ తయారీని ఒక సాంకేతిక ప్రక్రియగా వివరించగలుగుతారు.
• పెన్ డిస్‌ప్లే పరిణామంలోని ముఖ్య దశలను కాలక్రమంలో చెప్పగలుగుతారు.
• రెండు పరికరాల మధ్య పోలికను, వారసత్వాన్ని వేరుచేసి చూడగలుగుతారు.
• జీవన పరిస్థితులు పరికరం ఆకారాన్ని ఎలా నిర్ణయిస్తాయో ఉదాహరణలతో చర్చించగలుగుతారు.

7.1 ఉపోద్ఘాతం

సాంకేతిక విజ్ఞాన చరిత్ర అనగానే మనకు ఆవిరి యంత్రం, రైలు, టెలిగ్రాఫు, కంప్యూటర్ గుర్తుకు వస్తాయి. వాటిని ఎవరు, ఎప్పుడు కనిపెట్టారో చెప్పగానే చరిత్ర పూర్తయినట్లు అనిపిస్తుంది. కాని ఒక పరికరం ఆ ఆకారంలోనే ఎందుకు ఉంది, దాన్ని వాడే మనిషి బతుకుకూ ఆ ఆకారానికీ ఉన్న సంబంధం ఏమిటి అని అడిగితే చరిత్ర మరో విధంగా కనిపిస్తుంది. ఈ భాగంలో మనం అలాంటి ప్రశ్ననే పరిశీలిస్తాం.

వెనుక నుంచి వెలుగు వచ్చే ఒక పలుచని తలం మీద బొమ్మ ఉండాలి. దాని గీత, రంగు చూసేవారి కంటికి చెడకుండా అందాలి. చిత్రకారుడు ఆ తలాన్ని వెంట పట్టుకుని తిరగగలగాలి. ఈ మూడు అవసరాలను ఒకేసారి తీర్చడం ఎలా?

నేడు యానిమేషన్ స్టూడియోల్లో, కామిక్ పుస్తకాల తయారీలో పనిచేసే చిత్రకారులు పెన్ డిస్‌ప్లే అనే పరికరాన్ని వాడుతున్నారు. ఇది కంప్యూటర్‌కు కలిపి వాడే తెర. దీనిమీద ప్రత్యేకమైన పెన్నుతో గీస్తే, కాగితం మీద గీసినట్లే గీత పెన్ను మొన కిందనే కనిపిస్తుంది. మొదట్లో బల్ల మీద నుంచి కదపడం కష్టమైన ఈ పరికరం ఇప్పుడు నోటు పుస్తకంలా సంచిలో ఇమిడిపోతోంది.

అనంతపురం ప్రాంతంలోని ధర్మవరానికి దగ్గరగా నిమ్మలకుంట అనే ఊరు ఉంది. అక్కడి తోలుబొమ్మల కళాకారుల పూర్వీకులు కూడా పైన చెప్పిన మూడు అవసరాలనే ఎదుర్కొన్నారు. విద్యుత్తు, గాజు, కంప్యూటర్ లేకుండా మేకతోలుతో, ఆముదం దీపంతో వాటిని తీర్చుకున్నారు. ఈ రెండు పరిష్కారాలను పక్కపక్కన పెట్టి చదవడం ఈ భాగం ఉద్దేశం.

7.2 కరువు పీఠభూమి, సంచార కళాకారులు

అనంతపురం జిల్లా 1882లో బళ్ళారి జిల్లా నుంచి విడిపోయి ఏర్పడింది. అంతకు కొద్దికాలం ముందే, 1876-78 మధ్య, ఈ ప్రాంతం దక్షిణ భారతాన్ని కుదిపేసిన పెద్ద కరువును చవిచూసింది. 2022 ఏప్రిల్‌లో జరిగిన జిల్లాల పునర్విభజనలో ధర్మవరం, దానితో పాటు నిమ్మలకుంట శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చాయి. అయితే తోలుబొమ్మల చరిత్రకు సంబంధించినంతవరకు ఈ ప్రాంతాన్నంతా ఉమ్మడి అనంతపురం జిల్లాగానే చూడవలసి ఉంటుంది.

ఇక్కడ సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. దేశంలో అతి తక్కువ వర్షం పడే జిల్లాల్లో ఇదొకటి. పడమటి కనుమలు నైరుతి రుతుపవనాల తడిని చాలావరకు అడ్డుకుంటాయి. తూర్పు తీరం దూరం కావడంతో ఈశాన్య రుతుపవనాలు కూడా పూర్తిగా ఆదుకోవు. పంట నమ్మకం లేని చోట రైతుకు గొర్రెలు, మేకలు అండగా నిలుస్తాయి. పైరు ఎండిపోయినా మేక ఏదో ఒక ఆకు మేసి బతుకుతుంది. కాబట్టి ఈ పీఠభూమిలో తోలు తేలిగ్గా దొరికే ముడిసరుకు అయింది. పొడి గాలి, ఎండ దాన్ని ఆరబెట్టడానికి ఉపయోగపడ్డాయి.

తోలుబొమ్మలాట కుటుంబాల్లో చాలామంది ఇళ్ళలో మరాఠీ యాసలో మాట్లాడుకుంటారు, ఆట మాత్రం తెలుగులో ఆడతారు. ఈ కళ ప్రాచీనతకు సాహిత్యంలోనూ ఆధారాలు ఉన్నాయి. 13వ శతాబ్దానికి చెందిన పాల్కురికి సోమనాథుని ‘పండితారాధ్య చరిత్ర’లో తోలుబొమ్మలాట ప్రస్తావన కనిపిస్తుంది. ఆడే కథలు రామాయణ, మహాభారతాల నుంచి వచ్చినవి. రామకథకు ద్విపదలో ఉన్న ‘రంగనాథ రామాయణం’ ముఖ్యమైన ఆధారం. మధ్యమధ్యలో బంగారక్క, జుట్టుపోలిగాడు, కేతిగాడు వచ్చి ఊరి సంగతులతో నవ్విస్తారు.

ఈ కళాకారులకు స్థిరమైన రంగస్థలం ఉండేది కాదు. పంట పనులు తీరిన తరువాత ఊరూరా తిరిగేవారు. ఊరివారు ఇచ్చే ధాన్యం, డబ్బు, బట్టలే ఆదాయం. వాన రాని ఏడు విరాటపర్వం ఆడిస్తే వర్షం కురుస్తుందన్న నమ్మకం పల్లెల్లో ఉండేది. అంటే పంట బాగా పండినప్పుడు ఇచ్చే చేయి ఉండేది, పండనప్పుడు పిలిచే అవసరం ఉండేది. కాని వరుసగా కరువు వస్తే ఈ రెండూ పోయేవి. అప్పుడు మరింత దూరం నడవడమే దారి. ఇక్కడ ఒక సంగతి మీరు గమనించాలి. బొమ్మ తేలికగా, పలుచగా, బల్లపరుపుగా ఉండడం కళాకారుడి అభిరుచికి మాత్రమే సంబంధించిన విషయం కాదు. నడిచి బతకవలసిన మనిషికి అది తప్పనిసరి.

మీ ప్రగతిని తెలుసుకోండి - I

సూచన: మీ సమాధానాలను విడిగా రాసుకుని, 7.11లో ఇచ్చిన వాటితో సరిచూసుకోండి.

1. అనంతపురం ప్రాంతంలో వర్షపాతం తక్కువగా ఉండడానికి కారణాలేమిటి?
2. తోలుబొమ్మ తేలికగా ఉండవలసిన అవసరం ఎందుకు వచ్చింది?

7.3 తోలు తెరగా మారే విధానం

చెప్పులకు, సంచులకు వాడే తోలును ముందుగా ఊనుతారు. అంటే తంగేడు చెక్క వంటి వాటి రసంలో నానబెడతారు. అలా ఊనిన తోలు మెత్తగా, కుళ్ళకుండా ఉంటుంది గాని దానిలోంచి వెలుగు పోదు. దాని పీచుల మధ్య గాలి నిలిచి ఉంటుంది. ఆ గాలి, పీచు కలిసే ప్రతిచోటా వెలుగు చెదిరిపోతుంది.

బొమ్మల కళాకారులు తోలును ఊనరు. ప్రధానంగా మేకతోలును తీసుకుని వేడినీటిలో నానబెడతారు. వెంట్రుకలను, లోపలి వైపు అంటుకున్న మాంసాన్ని, కొవ్వును గీకి తీసేస్తారు. తరువాత దాన్ని నలువైపులా లాగి, మేకులతో బిగించి ఎండలో ఆరబెడతారు. బిగువులో ఆరడం వల్ల తోలులోని పీచులు ఒకే తలంలో పరుచుకుని ఒకదానికొకటి అతుక్కుంటాయి. వాటి మధ్య గాలి తగ్గుతుంది. వెలుగు చెదరడం కూడా తగ్గుతుంది. దానితో తోలు పాక్షిక పారదర్శకంగా మారుతుంది. రసాయన శాస్త్రం పేరు చెప్పకపోయినా, పదార్థం లోపలి అమరికను మార్చి దాని గుణాన్ని మార్చిన పద్ధతి ఇది.

ఇలా తయారైన తోలు మీద నల్లని సిరాతో బొమ్మ రూపురేఖలు గీస్తారు. పూర్వం దీపపు మసితో చేసిన సిరాను, వెదురు పుల్లను వాడేవారు. తరువాత రంగులు వేస్తారు. ఒకప్పటి మొక్కల రంగుల స్థానంలో ఇప్పుడు బజారులో దొరికే రంగులు వచ్చాయి. రంగు వెలుగును అడ్డుకోకూడదు, వడకట్టాలి. అందుకే గోడకు పూసే సున్నపు రంగులాంటిది ఇక్కడ పనికిరాదు. తోలులోకి ఇంకే రంగు కావాలి. బొమ్మకు రెండు వైపులా రంగు వేస్తారు. దాంతో బొమ్మను ఏ వైపు తిప్పినా ఆడించవచ్చు.

ఆ తరువాత ఉలి పని మొదలవుతుంది. చిన్న చిన్న ఉలులతో కొట్టి నగలు, కిరీటం, చీర అంచుల దగ్గర వందలకొద్దీ రంధ్రాలు చేస్తారు. తోలు ఉన్నచోట వెలుగు రంగుగా వస్తుంది. రంధ్రం ఉన్నచోట దీపపు కాంతి నేరుగా వచ్చి రత్నంలా మెరుస్తుంది. చివరగా తల, భుజాలు, మోచేతులు, నడుము, మోకాళ్ళు వంటి భాగాలను దారంతో కీళ్ళుగా ముడివేస్తారు. నడిమధ్య ఒక బద్దను, చేతులకు పుల్లలను కడతారు.

ఆంధ్ర తోలుబొమ్మలు దేశంలోని తోలుబొమ్మల్లో పెద్దవి. నాలుగు నుంచి ఆరు అడుగుల ఎత్తు వరకు ఉంటాయి. రావణుడు, హనుమంతుడు వంటి పెద్ద బొమ్మలకు ఒక తోలు చాలదు. అయినా ఆడిన తరువాత వాటిని ఒకదానిమీద ఒకటి పరిచి ఒకే పెట్టెలో సర్దవచ్చు. మొత్తం రామాయణం ఆ పెట్టెలో పడుతుంది. బొమ్మల ముఖాల పక్కచూపు, పెద్ద కళ్ళు, బట్టల అంచుల అలంకరణ చూసి వాటిని లేపాక్షి వీరభద్ర ఆలయపు కప్పు మీద ఉన్న 16వ శతాబ్దపు విజయనగర చిత్రాలతో పోల్చడం పరిపాటి. ఆ పోలికను ఒప్పుకున్నా ఒక తేడా మిగులుతుంది. లేపాక్షి చిత్రం కదలదు, దాన్ని చూడడానికి జనమే అక్కడికి వెళ్ళాలి. తోలుబొమ్మ జనం ఉన్న చోటికి వస్తుంది.

7.4 దీపానికీ కంటికీ మధ్య: దూరం సమస్య

ఆట కోసం తెల్లని బట్టను తెరగా కడతారు. దాని వెనుక పూర్వం ఆముదం దీపాలు ఉండేవి. తరువాత పెట్రోమాక్స్ దీపాలు, విద్యుత్ బల్బులు వచ్చాయి. తెరకు ఒక వైపు జనం, రెండో వైపు కళాకారులు. బొమ్మ దీపానికీ తెరకూ మధ్య ఉంటుంది.

మీరు ఇంట్లో ఒక చిన్న ప్రయోగం చేసి చూడండి. రాత్రిపూట ఒక బల్బు ముందు చేయి పెట్టి గోడ మీద నీడ చూడండి. చేయి గోడకు ఆనినప్పుడు నీడ అంచు స్పష్టంగా ఉంటుంది. చేయి గోడకు దూరమయ్యేకొద్దీ నీడ పెద్దదై, అంచు మసకబారుతుంది. బల్బు ఒక బిందువు కాకపోవడం దీనికి కారణం. దాని ఒక్కొక్క భాగం నుంచి వచ్చే వెలుగు ఒక్కొక్క చోట నీడను వేస్తుంది.

కళాకారులకు ఈ సంగతి అనుభవంలో తెలుసు. అందుకే బొమ్మను తెరకు ఆనించి ఆడిస్తారు. కదలని బొమ్మలను ముళ్ళతో తెరకే గుచ్చుతారు. బొమ్మకూ తెరకూ మధ్య దూరం లేకపోతేనే నగల రంధ్రాలు, కంటి గీత జనానికి విడిగా కనిపిస్తాయి. తోలు బరువుగా, వంకరగా ఉంటే తెరకు సరిగా ఆనదు. పలుచదనం మోయడానికి మాత్రమే కాక స్పష్టతకూ అవసరమైంది. మాయలు, రూపం మారడం చూపవలసి వస్తే అదే దోషాన్ని గుణంగా వాడుకోవచ్చు. బొమ్మను తెర నుంచి వెనక్కు లాగితే అది పెరిగి, మసకబారి, మాయమైనట్లు కనిపిస్తుంది.

ఈ ‘దూరం సమస్య’ను గుర్తుపెట్టుకోండి. తరువాతి విభాగాల్లో గాజు తెరల దగ్గర ఇది మళ్ళీ ఎదురవుతుంది.

మీ ప్రగతిని తెలుసుకోండి - II

3. ఊనిన తోలు ద్వారా వెలుగు ఎందుకు ప్రసరించదు?
4. బొమ్మను తెరకు ఆనించి ఆడించడానికి కారణమేమిటి?

7.5 గాజుబల్ల నుంచి పెన్ డిస్‌ప్లే వరకు

వెనుక నుంచి వెలుగు పడే తలం మీద బొమ్మలు కూర్చే పద్ధతి 20వ శతాబ్దపు యానిమేషన్‌లో మరో రూపంలో కనిపిస్తుంది. జర్మనీలో లోటే రైనిగర్ నల్లని కాగితపు బొమ్మలను కీళ్ళతో కట్టి, కింద నుంచి వెలుగు పడే గాజుబల్ల మీద జరుపుతూ ఒక్కొక్క చిత్రంగా తీసింది. ఆమె తీసిన ‘ప్రిన్స్ అహ్మద్ సాహసాలు’ 1926లో విడుదలైంది. చేతితో గీసే యానిమేషన్‌లో కూడా చిత్రకారులు కింద దీపం ఉన్న గాజుబల్లను వాడారు. కింది కాగితంలోని బొమ్మ పై కాగితంలోంచి కనిపిస్తుంది. దాన్ని చూస్తూ తరువాతి భంగిమను గీస్తారు.

కంప్యూటర్ తెర మీద గీయడం 1963లో ఒక ముఖ్యమైన దశకు చేరింది. అమెరికాలో ఇవాన్ సదర్లాండ్ ‘స్కెచ్‌ప్యాడ్’ అనే కార్యక్రమాన్ని రూపొందించాడు. దానిలో ‘లైట్ పెన్’తో తెర మీద నేరుగా గీయవచ్చు. తెర మీద కదిలే కిరణపు వెలుగును ఆ పెన్ను పట్టుకుని తానెక్కడ ఉన్నదీ కంప్యూటర్‌కు తెలుపుతుంది. కాని నిలువుగా ఉన్న తెర ముందు చేయి ఎత్తిపట్టుకోవాలి, త్వరగా నొప్పి పుడుతుంది. తెర గాజు మందంగా ఉండడం మరో ఇబ్బంది.

1964లో వచ్చిన ‘రాండ్ టాబ్లెట్’ ఈ ఇబ్బందిని మరో దారిలో తప్పించింది. బల్ల మీద పరిచిన పలక కింద సన్నని తీగల వల ఉంటుంది. పెన్ను ఆ తీగల సంకేతాలను గ్రహిస్తుంది. చేతికి విశ్రాంతి దొరికింది. కాని చేయి ఒక చోట, చూపు మరో చోట అయ్యాయి. పలక మీద గీస్తూ ఎదురుగా ఉన్న తెరను చూడాలి. చిన్నప్పటి నుంచి గీత మీద కన్ను పెట్టి గీసినవారికి దీన్ని అలవాటు చేసుకోవడానికి సమయం పడుతుంది.

1983లో జపాన్‌లో స్థాపితమైన వాకొమ్ సంస్థ పెన్నుకు తీగ, బ్యాటరీ రెండూ లేకుండా చేసింది. ఈ పద్ధతి విద్యుదయస్కాంత అనునాదం మీద ఆధారపడుతుంది. పలకలోని తీగచుట్టలు విద్యుదయస్కాంత తరంగాలను పంపుతాయి. పెన్నులోని చిన్న తీగచుట్ట ఆ శక్తితోనే స్పందించి తిరిగి సంకేతం పంపుతుంది. ఏ చుట్ట దగ్గర సంకేతం బలంగా ఉందో చూసి పెన్ను స్థానాన్ని లెక్కిస్తారు. మొన మీద ఒత్తిడి పెరిగితే సంకేతంలో మార్పు వస్తుంది. ఆ మార్పుతో గీత లావు, సన్నం మారుతుంది.

ఈ పద్ధతిలో మరో సౌకర్యం ఉంది. విద్యుదయస్కాంత సంకేతం గాజులోంచి, ద్రవస్ఫటిక తెరలోంచి పోగలదు. కాబట్టి తీగచుట్టల పలకను తెర వెనుక దాచవచ్చు. 1990ల్లో ఈ విధంగా పలక, తెర ఒకటయ్యాయి. 2001లో ‘సింటిక్’ పేరుతో వచ్చిన పెన్ డిస్‌ప్లేలు స్టూడియోల్లో బాగా వాడుకలోకి వచ్చాయి. చేయి, చూపు మళ్ళీ ఒకే చోట కలిశాయి. అయితే తొలి సింటిక్‌లు బరువైనవి, బల్ల మీదే ఉండిపోయేవి. 2007 చివర వచ్చిన 12 అంగుళాల నమూనా సుమారు 2 కిలోలు ఉండేది. 2013 నాటి 13 అంగుళాల నమూనా సుమారు 1.2 కిలోలకు తగ్గింది. 2024లో వచ్చిన ‘మూవింక్ 13’ బరువు 420 గ్రాములు. దాని అతి పలుచని భాగం 4 మిల్లీమీటర్లు.

మన ప్రాంతంలోనూ ఇలాంటి పరికరాలు అవసరమయ్యే వృత్తి పెరిగింది. హైదరాబాద్‌లో రాజీవ్ చిలక స్థాపించిన గ్రీన్ గోల్డ్ యానిమేషన్ సంస్థ నుంచి 2008లో ‘ఛోటా భీమ్’ టీవీకి వచ్చింది. కంప్యూటర్ మీద చేసే ద్విమితీయ యానిమేషన్‌లో పాత్ర తల, చేతులు, కాళ్ళను విడివిడిగా గీసి కీళ్ళ దగ్గర కలిపి కదిలించే పద్ధతి ఒకటి విరివిగా వాడుకలో ఉంది. తోలుబొమ్మ కీళ్ళను చూసినవారికి ఇది వెంటనే అర్థమవుతుంది.

7.6 పలుచదనం ఎందుకు కష్టం?

పెన్ డిస్‌ప్లేను పలుచగా చేయడం అంటే దాని పెట్టెను చిన్నది చేయడం మాత్రమే కాదు. ద్రవస్ఫటిక తెర ఉన్న పెన్ డిస్‌ప్లేను అడ్డంగా కోసి చూస్తే అన్నింటికంటే కింద తీగచుట్టల పలక ఉంటుంది. దానిపైన దీపపు పొర, ధ్రువణ పొరలు, ద్రవస్ఫటికం, ఎరుపు, ఆకుపచ్చ, నీలం వడపోతలు, చివరగా పై గాజు వస్తాయి. వెనుక దీపం, ముందు రంగు వడపోత అన్న ఈ అమరికలో తోలుబొమ్మ సూత్రమే ఉంది. వెనుక దీపం ఇచ్చే వెలుగులో పదో వంతు కూడా చూసేవారి కంటికి చేరదు. మిగిలినది పొరల్లోనే ఆగిపోయి చాలావరకు వేడిగా మారుతుంది. పరికరం పలుచనయ్యేకొద్దీ ఆ వేడి పోయే దారి తగ్గుతుంది. గంటల తరబడి అరచేయి ఆనించి గీసేవారికి వేడి పెద్ద ఇబ్బంది.

రెండోది దూరం సమస్య. పెన్ను మొన గాజు మీద ఉంటుంది, గీత గాజు కింద ఎక్కడో కనిపిస్తుంది. ఏటవాలుగా చూస్తే మొన ఒక చోట, గీత మరో చోట ఉన్నట్లు అనిపిస్తుంది. దీనిని పారలాక్స్ దోషం అంటారు. పాత పరికరాల్లో గాజుకూ తెరకూ మధ్య గాలి ఖాళీ ఉండేది. దాన్ని పారదర్శకమైన జిగురుతో నింపి రెండింటినీ అతికించడంతో దోషం తగ్గింది, లోపలి ప్రతిబింబాలు కూడా తగ్గాయి. తోలులో పీచుల మధ్య గాలిని తగ్గించడం, గాజుల మధ్య గాలిని తీసేయడం – రెండుచోట్లా వెలుగు దారిలో గాలి పొరను తొలగించడమే పరిష్కారం అయింది.

మూడోది బలం. చిత్రకారుడు ఒత్తి గీస్తాడు. పలుచని గాజు వంగితే కింది ద్రవస్ఫటికంలో అలల వంటి మరకలు కనిపిస్తాయి. మందం పెంచితే బరువు పెరుగుతుంది, పారలాక్స్ తిరిగి వస్తుంది. నున్నని గాజు మీద మొన జారిపోతుంది కనుక కాగితపు గరుకు కోసం గాజు ఉపరితలాన్ని సన్నగా చెక్కుతారు.

మూవింక్ వంటి పరికరాలు ఓఎల్ఈడీ తెరను వాడి వీటిలో కొన్నింటిని తప్పించుకున్నాయి. ఇందులో ప్రతి చుక్కా తనంతట తానే వెలుగుతుంది. వెనుక దీపపు పొర అవసరం లేదు. దీపం బొమ్మలోకే వచ్చేసింది అనుకోవచ్చు. లోపల కంప్యూటర్, బ్యాటరీ పెట్టకుండా, చిత్రాన్నీ శక్తినీ ఒకే తీగ ద్వారా బయటి కంప్యూటర్ నుంచి తీసుకోవడం మరో పొదుపు. దీనికి బదులుగా ఒక పరిమితిని ఒప్పుకోవాలి. కంప్యూటర్ లేనిదే ఈ తెర పనిచేయదు. దీపం, బట్ట లేనిదే తోలుబొమ్మ ఆడదు. తేలికైన పరికరం తన బరువులో కొంత భాగాన్ని వేరేచోట దింపుకుంటుంది.

మీ ప్రగతిని తెలుసుకోండి - III

5. పారలాక్స్ దోషం అంటే ఏమిటి?
6. ఓఎల్ఈడీ తెర పరికరాన్ని పలుచగా చేయడానికి ఎలా తోడ్పడింది?

7.7 పోలిక వేరు, వారసత్వం వేరు

ఇంతవరకు చదివిన తరువాత కొందరు విద్యార్థులు పరీక్షలో “పెన్ డిస్‌ప్లే తోలుబొమ్మ నుంచి పుట్టింది” అని రాసే అవకాశం ఉంది. అది తప్పు. పెన్ డిస్‌ప్లే రూపకర్తలు తోలుబొమ్మను చూసి నేర్చుకున్నారనడానికి ఆధారం లేదు. వారి మూలాలు రాడార్ తెరలు, ఇంజనీరింగ్ డ్రాయింగులు, ఎలక్ట్రానిక్ పరిశ్రమలో ఉన్నాయి. రెండు వస్తువులు ఒకేలా కనిపించడానికి వారసత్వం ఒక్కటే కారణం కానక్కరలేదు. ఒకే రకమైన అవసరం, వెలుగుకు సంబంధించిన ఒకే భౌతిక నియమం ఉన్నప్పుడు వేర్వేరు చోట్ల, వేర్వేరు కాలాల్లో దగ్గరి పరిష్కారాలు పుట్టవచ్చు.

తేడాలను కూడా దాచకూడదు. తోలు మీద ఒకసారి గీసిన బొమ్మ మారదు, చేతులు దాన్ని కదిలిస్తాయి. పెన్ డిస్‌ప్లే మీద బొమ్మ క్షణక్షణం మారుతుంది, తలం మాత్రం కదలదు. తోలుబొమ్మను తయారుచేసిన కుటుంబమే ఆడుతుంది, చిరిగితే అతుకు వేసుకుంటుంది. పెన్ డిస్‌ప్లేను వాడేవారు దాన్ని తయారుచేయలేరు, తెర పగిలితే బాగుచేసుకోలేరు.

మరి పోల్చడం ఎందుకు? ఒక పక్షపాతాన్ని గుర్తించడానికి. తోలును లాగి ఆరబెట్టి వెలుగు పోయేలా చేసిన పనిని మనం ‘చేతిపని’ అంటాం. గాజు పొరలను అతికించి వెలుగు పోయేలా చేసిన పనిని ‘ఇంజనీరింగ్’ అంటాం. రెండింటిలోనూ పదార్థాన్ని ఎంచుకోవడం, పరీక్షించడం, లోపాన్ని తగ్గించడం, మోసుకెళ్ళే మనిషిని దృష్టిలో పెట్టుకోవడం ఉన్నాయి. ఒకటి కాగితం మీద నమోదైంది, మరొకటి తల్లిదండ్రుల చేతుల నుంచి పిల్లల చేతులకు వచ్చింది. రాతపూర్వక ఆధారం లేని జ్ఞానాన్ని జ్ఞానంగా చూడకపోతే గ్రామీణ సాంకేతిక చరిత్రలో చాలా భాగం మన చేతి నుంచి జారిపోతుంది.

7.8 నిమ్మలకుంటలో వచ్చిన మార్పు

20వ శతాబ్దంలో సినిమా, ఆ తరువాత టీవీ పల్లెలకు వచ్చాయి. రాత్రంతా సాగే ఆటకు పిలుపులు తగ్గాయి. కరువు వల్ల ఊళ్ళ ఆదాయం కూడా నిలకడగా లేదు. ఈ ప్రాంతం నుంచి ఎందరో పనుల కోసం బెంగళూరు దారి పట్టారు. తోలుబొమ్మల కుటుంబాల ముందు కూడా అదే ప్రశ్న నిలిచింది: కళను వదలడమా, కళ రూపాన్ని మార్చడమా?

నిమ్మలకుంటలో చాలామంది రెండోదాన్ని ఎంచుకున్నారు. అదే తోలు, అదే ఉలి, అదే రంగులతో దీపాల గొట్టాలు, గోడకు వేలాడదీసే చిత్రాలు, తలుపులకు తోరణాలు చేయడం మొదలుపెట్టారు. హస్తకళా ప్రదర్శనలు, నగరాల దుకాణాలు కొత్త గ్రామాలయ్యాయి. సాంకేతికంగా చూస్తే ఇందులో ఒక ఆసక్తికరమైన మలుపు ఉంది. ఒకప్పుడు దీపం బొమ్మ వెనుక ఉండేది. ఇప్పుడు బొమ్మే దీపం చుట్టూ చుట్టుకుంది.

ఈ మార్పు కుటుంబాలకు కూడు పెట్టింది. తోలును తయారుచేసే, గీసే, ఉలితో కొట్టే నైపుణ్యం బతికింది. కాని దీపపు గొట్టానికి కీళ్ళు అక్కరలేదు, పద్యం అక్కరలేదు, కేతిగాడి మాట అక్కరలేదు. ఒక పరికరంలో కొంత భాగానికే కొనేవారు ఉన్నప్పుడు మిగిలిన భాగం మెల్లగా మరుపున పడుతుంది. దీన్ని మీరు లాభంగా చూస్తారా, నష్టంగా చూస్తారా? రెండింటికీ ఆధారాలు ఈ ఒక్క ఊళ్ళోనే ఉన్నాయి.

గుర్తింపు కూడా వచ్చింది. ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకు భౌగోళిక గుర్తింపు లభించింది. నిమ్మలకుంటకు చెందిన దళవాయి చలపతిరావుకు 2020లో భారత ప్రభుత్వం పద్మశ్రీ ప్రకటించింది. అయితే భౌగోళిక గుర్తింపు కాపాడేది ప్రధానంగా పేరును. ఆ పేరు వాడకుండా అదే నమూనాను ప్లాస్టిక్ మీద ముద్రించి చౌకగా అమ్మేవారిని ఆపడం దానితో తేలిక కాదు. డిజిటల్ పరికరాలు ఇక్కడ రెండు పక్కలా పదునున్న కత్తి. పెన్ డిస్‌ప్లే మీద ఒక యువ కళాకారుడు తాతల నాటి నమూనాలను గీసి భద్రపరచవచ్చు, కొత్త కథలకు కొత్త బొమ్మలు రూపొందించవచ్చు. అదే పరికరంతో ఎక్కడో కూర్చున్న మరొకరు ఆ నమూనాను నకలు తీయవచ్చు. ఫలితం ఎటు మొగ్గుతుందన్నది పరికరం మందం మీద కాక, అది ఎవరి చేతికి అందుతుంది, నమూనా మీద హక్కు ఎవరిది అన్న ప్రశ్నల మీద ఆధారపడుతుంది.

మీకు వీలైతే ధర్మవరం మీదుగా వెళ్ళినప్పుడు నిమ్మలకుంటలో ఆగి, ఒక తోలుముక్కను ఎండకు ఎత్తిపట్టి చూడండి. ఆ తోలును గీకిన మనిషిని, ఎంతవరకు గీకాలో ఎలా తెలుస్తుందని అడగండి. వచ్చే సమాధానాన్ని రాసి ఉంచుకోండి. ఈ పాఠ్యాంశానికి అది కూడా ఒక ఆధారమే.

7.9 సారాంశం

వెనుక నుంచి వెలుగు వచ్చే పలుచని, మోసుకెళ్ళగల చిత్రతలం అవసరం అనంతపురం పీఠభూమిలోని సంచార కళాకారులకు, నేటి డిజిటల్ చిత్రకారులకు ఉమ్మడిగా కనిపిస్తుంది. కళాకారులు తోలును ఊనకుండా బిగువులో ఆరబెట్టి పాక్షిక పారదర్శకంగా చేశారు, బొమ్మను తెరకు ఆనించి స్పష్టత సాధించారు. పెన్ డిస్‌ప్లే 1963 నాటి స్కెచ్‌ప్యాడ్, 1964 నాటి రాండ్ టాబ్లెట్, విద్యుదయస్కాంత పెన్ను, 2001 నాటి సింటిక్ దశలు దాటి 2024లో 420 గ్రాములకు చేరింది. ఈ రెండింటి మధ్య వారసత్వం లేదు. సమస్యలో పోలిక ఉంది. ఈ పోలిక చేతిపనిని కూడా సాంకేతిక జ్ఞానంగా చదవడానికి తోడ్పడుతుంది. సినిమా, కరువుల ఒత్తిడిలో నిమ్మలకుంట కళాకారులు పరికరాన్ని మార్చుకుని బతికారు. ఆ క్రమంలో కొంత నిలిచింది, కొంత పోయింది.

7.10 పదకోశం

అనునాదం: బయటి కంపనానికి సరిపడే పౌనఃపున్యంతో ఒక వస్తువు బలంగా స్పందించడం.
ఊనడం: చెట్టు చెక్కల రసాలతో తోలును పదును చేయడం.
పాక్షిక పారదర్శకం: వెలుగును కొంతవరకు మాత్రమే పోనిచ్చేది.
భౌగోళిక గుర్తింపు: ఒక ప్రాంతానికి చెందిన వస్తువు పేరుకు చట్టం ఇచ్చే రక్షణ.

7.11 మీ ప్రగతిని తెలుసుకోండి: సమాధానాలు

1. పడమటి కనుమలు నైరుతి రుతుపవనాలను అడ్డుకోవడం, తూర్పు తీరం దూరంగా ఉండడం.
2. కళాకారులు ఊరూరా తిరిగి బతకవలసి రావడం, బొమ్మ తెరకు సరిగా ఆనవలసి ఉండడం.
3. పీచుల మధ్య నిలిచిన గాలి వల్ల వెలుగు చెదిరిపోతుంది.
4. దూరం పెరిగితే బొమ్మ అంచు మసకబారుతుంది.
5. పెన్ను మొనకూ గీతకూ మధ్య ఉన్న మందం వల్ల అవి వేర్వేరు చోట్ల ఉన్నట్లు కనిపించడం.
6. ప్రతి చుక్కా స్వయంగా వెలగడంతో వెనుక దీపపు పొర అవసరం లేకపోయింది.

7.12 మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు ఒక్కొక్క దానికి 30 పంక్తులలో సమాధానాలు రాయండి.

1. తోలుబొమ్మ తయారీలోని దశలను వివరించి, ప్రతి దశ వెనుక ఉన్న సాంకేతిక కారణాన్ని చర్చించండి.
2. పెన్ డిస్‌ప్లే పరిణామాన్ని కాలక్రమంలో వివరించండి.

II. కింది ప్రశ్నలకు ఒక్కొక్క దానికి 10 పంక్తులలో సమాధానాలు రాయండి.

1. సాంకేతిక చరిత్రలో పోలికకూ వారసత్వానికీ ఉన్న తేడాను ఉదాహరణతో తెలపండి.
2. దీపపు గొట్టాల తయారీ వల్ల నిమ్మలకుంట కళలో నిలిచినదేమిటి, పోయినదేమిటి?
3. మీ ప్రాంతంలోని ఏదైనా ఒక చేతిపనిని ఎంచుకుని, అక్కడి వాతావరణం, జీవనోపాధి ఆ పనిముట్టు ఆకారాన్ని ఎలా నిర్ణయించాయో రాయండి.